నున్నగా రుద్దిన షాఫ్టులు

లూకన్‌లో, మంగళవారం రాత్రి

నేను పాలిష్ చేసిన ఇరుసుల్లాంటి ఉక్కు షాఫ్టులన్నీ ఇవాళ సూపర్‌వైజర్ బ్రెండన్ స్క్రాప్‌లో పడేయించాడు. ఒళ్లు మండిపోయింది. మా మెషీన్ సన్నటి ఉక్కు గుళ్లతో కొట్టాక షాఫ్టు ఒళ్లంతా అమ్మవారు పోసినట్టు గుంటలు పడుతుంది. అలాంటి మొహంతో కస్టమర్‌కి ఎట్లా పంపుతామని నేనే నున్నగా రుద్దాను. పోయిన వారం కూడా రుద్దాను. అప్పుడు ఈ మనిషే చూసి బాగుందన్నట్టు "గ్రాండ్" అన్నాడు.

క్వాలిటీలో చేసే రమ్యక్కని అడిగాను.

"ఆ దెబ్బలకి పైపొర నొక్కుకుని బిగుస్తుంది రా. అందుకే షాఫ్టు తిరిగీ తిరిగీ అలిసినా పగులు పుట్టదు. నువ్వు ఆ పొరనే గీకేశావు."

"నునుపుగా ఉంటేనే పగలదని వీడియోల్లో చూశానక్కా."

"అదీ నిజమే. కాస్త రుద్దితే మంచిదే."

"కాస్త అంటే ఎంత?"

"కొలవకుండా ఎట్లా చెప్తాను?"

రెండూ నిజమేనట. ఇంక నాబోటివాడు ఏం నేర్చుకోవాలి?

పోయిన వారంవి ఈపాటికి ఎవరి ఫ్యాక్టరీలోనో సరుకు మోసే కన్వేయర్ బెల్టు కింద తిరుగుతుంటాయి. పక్కన మనుషులు నిలబడి పనిచేస్తుంటారు. వెనక్కి రప్పిద్దామంటే బ్రెండన్, "ఏం కాదులే, ఇంటికి పో" అన్నాడు. ఏం కానప్పుడు ఇవాళ్టివి ఎందుకు పారేశాడు? అవుతుందనుకుంటే వాటినెందుకు వదిలేశాడు? తల పగిలిపోతోంది.

నేనే ఫోన్ చేసి చెప్తాను, కస్టమర్ నంబరు ఇవ్వమని రమ్యక్కకి మెసేజ్ పెట్టాను. చదివినట్టు నీలం టిక్కులు పడి చాలాసేపయింది. రేపు పొద్దున్నే తన దగ్గరికే వెళ్లి అడుగుతాను.