వీసా కోసం ప్రార్థన

కువైట్ నుంచి,

ఎలీసబెతక్కకు ప్రభువు పేర వందనాలు.

మా మేడం వాళ్లు సెలవులకి లండన్ వెళ్తూ, పిల్లల్ని చూసుకోడానికి నాకూ ఇక్కణ్ణుంచే టూరిస్టు వీసాకి పెట్టారు. ప్రయాణం దేనికి అన్నచోట ‘విహారం’ అని రాశారు. నవ్వొచ్చింది. పాలకాయతిప్ప బీచి తప్ప నేను విహరించిందెక్కడ? నువ్వేమో ఆదివారం చర్చిలో నా వీసా కోసం ప్రార్థన చేయిస్తానన్నావు.

నీకు చెప్పని మాటొకటుంది. ఆ నెలరోజులూ నేను ఇంటికొచ్చే సెలవులోంచే తీసేస్తారట. వీసా వస్తే డిసెంబరులో గ్రేస్ బాప్తిస్మానికి రాలేను. నాలుగేళ్లుగా నీ దగ్గర పెరుగుతున్న నా బిడ్డని ఆరోజైనా చూడాలనుకున్నాను.

సంఘంలో అందరి ముందూ వద్దని చెప్పలేవులే. వాళ్లని వీసా రావాలనే అడగనియ్యి. నువ్వూ గ్రేసూ కూడా కళ్లు మూసుకోండి, మనసులో మాత్రం రాకూడదని అడగండి.

నీ చెల్లి