అద్దె కారు బిల్లు మీద తగువు

ఏమండీ, బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది, ఎత్తండి. కార్డు మీ పేరున ఉంది కాబట్టి మీరే మాట్లాడాలట. చెల్లి కోసం విదేశం వెళ్ళినప్పుడు అక్కడ తీసుకున్న అద్దె కారు సంగతే. మనల్ని అడక్కుండానే ఆ కారు కంపెనీ వాళ్ళు బిల్లును మన కరెన్సీలోకి మార్చి, మార్చినందుకు మళ్ళీ చార్జీ వేశారు. మేం ఒప్పుకోలేదని గట్టిగా చెప్పండి. బిల్లు ఫ్రిజ్ మీద పెట్టాను. కూర వేడి చేసుకోండి.

మీ అలవాటు ప్రకారం "పోనీలెండి, ఎంతనీ" అని మాత్రం అనకండి. ఎంతో కాదని నాకూ తెలుసు. వెనక సీట్లో చెల్లిని పడుకోబెట్టి ఆసుపత్రి నుంచి దాని ఇంటికి తీసుకెళ్దామని పెద్ద కారు తీసుకున్నాం. ఖాళీగా తిరిగిచ్చాం. దానికి నేనెవరితో పోట్లాడను? ఆసుపత్రి వాళ్ళతోనా, దేవుడితోనా? వీళ్ళైతే కనీసం ఫోన్‌లో దొరుకుతారు.

మరిచిపోయాను. కారు తిరిగిచ్చేటప్పుడు బిల్లు ఎందుకు చూసుకోలేదని అడుగుతారు. నిన్న నన్నూ అడిగితే, తొందరలో ఉన్నామని చెప్పేశాను. మీరూ అదే చెప్పండి. తొందరంతా వెళ్ళేటప్పుడేననీ, తిరిగిచ్చేసరికి మనకి ఏ తొందరా మిగల్లేదనీ వాళ్ళకెందుకు.