డ్రైవరు సీటు చంద్రవ్వకు

భివండి పట్టణం, నార్పోలిలో కాపురముంటున్న ఆడెపు చిన్నయ్య అనే నేను, కీ.శే. అంకుశం గారి కుమారుణ్ణి, పవర్‌లూమ్‌లు బాగుచేసే జాబరుగా పనిచేసి మానుకున్నవాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. మతి స్థిమితంగా ఉంది. చెవులే పోయాయి. మగ్గాలు ఇన్నేళ్లు కడుపు నింపి, బదులుగా వినికిడి తీసుకున్నాయి. వాటి మీద నాకు కోపం లేదు.

1. మేముంటున్న ఖోలీ, బ్యాంకులో ఉన్న డబ్బు నా భార్య చంద్రవ్వకు. ఆమె తర్వాత కొడుకు శుభమ్, కూతురు నమ్రత సమానంగా పంచుకోవాలి. ఇందులో తగువుకేమీ లేదు.

2. తగువంతా నా పాత కారు గురించే. శుభమ్ దాన్ని భంగారుకు, అంటే పాత ఇనుము కింద తూకానికి, వేద్దామంటాడు. "ఇంకెవడు రిపేర్ చేస్తడు బాపూ దీన్ని?" అని నాకు అర్థమయ్యేలా పెదాలు కదిపి మరీ అడుగుతాడు. అతని కొత్త బండి మొరాయించిన రోజు నేను పానాలు పట్టుకుని దిగాను. బానెట్ ఎత్తితే ఇంజనే కనబడదు, పైన నల్లటి ప్లాస్టిక్ మూత. లోపల పసుపు దీపమొకటి వెలుగుతోంది. అది ఎందుకు వెలిగిందో కంప్యూటర్ తగిలిస్తే గాని తెలియదట. మూత విప్పితే వారంటీ పోతుందని కొడుకు నా చెయ్యి పట్టి ఆపాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అయినా ఇంటికొచ్చే దారిలో వడాపావ్ కొనిపెట్టాడు, పిల్లవాడు మంచివాడే. నా చేతి గడియారం అతనికి.

3. పానాలన్నీ నమ్రతకు. పదమూడు నంబరుది మాత్రం నిజాంపురాలో నూలు కొట్టు నడిపే రాంప్రసాద్ దగ్గరుంది. అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది గనుక దాన్ని అతనికే రాసిస్తున్నాను. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనిదే. పానా ఊరికే వస్తుందా?

4. కారు చంద్రవ్వకు. ఆదివారాలు గల్లీలో నేను బానెట్ కింద తలపెడితే, ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టేది. ఇంజను ఏమంటోందో ఆమె వినాలి, నాకు చెప్పాలి. కార్ఖానా మోతలో మేం చేతులతో మాట్లాడుకునే సైగలే ఆమెకూ నేర్పాను. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూపించేది. పిడికిలి మూసి తెరిస్తే ఇంజను దగ్గుతోందని, అరచెయ్యి బోర్లించి గాలిని నిమిరితే బాగైందని. ఒకసారి "పోగు తెగింది" అన్న సైగ చేసింది. కారులో పోగేమిటే అని నవ్వాను. వంగి చూస్తే ఫ్యాను బెల్టు తెగి ఉంది.

గల్లీలో అందరూ నన్నే మెకానిక్ అన్నారు. చంద్రవ్వా, సగం మెకానిక్కువి నువ్వు. నీ వల్లే ఆ పని చేయగలిగాను. నీ మేలు మరవను.

షరతు: చంద్రవ్వ సరేననకుండా కారును భంగారుకు వేయరాదు. నమ్రత తల్లికి బండి నడపడం నేర్పాలి. ఇన్నేళ్లు ఆ సీట్లో కూర్చున్న మనిషి ఒక్క గజమైనా ముందుకు పోలేదు. "నాకెందుకయ్యా గదంత" అంటుంది. వినవద్దు.

గల్లీ మలుపు తిరిగేటప్పుడు మాత్రం, చంద్రవ్వా, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఒక్కసారి గాలిని నిమురు. నాకు వినబడక్కర్లేదు.

పైదంతా నేనే రాసి, నేనే చదువుకుని సంతకం చేశాను.

భివండి, 19 జనవరి 2025, ఆదివారం

(సం.) ఆడెపు చిన్నయ్య

సాక్షులు:
రాజమణి, పక్క ఖోలీ
అమర్, కిరాణా కొట్టు, నార్పోలి