కొమ్మ మీద పిట్ట లేదన్నాను

అక్కయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ మరదలి దగ్గు తగ్గింది. నా మోకాలి సంగతి అడిగావు, మెట్లు చూస్తే చాలు మొరాయిస్తోంది. బావగారు, పిల్లలు కులాసా అనుకుంటాను. ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు లేచాను. ఒకసారి కిటికీ మూయడానికి, ఒకసారి తెరవడానికి, మూడోసారి ఎందుకో నాకే తెలియదు. "కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు?" అని నీ మరదలు విసుక్కుంది.

"నాలుగు పిట్టల కోసం తెల్లారకముందే అడవులు పట్టి తిరగడమేమిట్రా?" అన్నావు. ఏం చెప్పను? ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ల రొదలో గడిపినవాణ్ణి, ఆ పూట ప్రాణం లేచొస్తుంది. చిగుళ్ళు దట్టంగా వేసే ఈ రోజుల్లో పిట్ట కంటికి ఆనదు, కూతను బట్టే పోల్చుకోవాలి. అందులో నేను దిట్టనని ఆదివారాలు పిట్టల్ని చూడ్డానికి వెళ్ళే మా గుంపులో పన్నెండుమందీ నన్ను చెవుల మాస్టారు అంటారు. ఆ పిలుపుకు పొంగిపోయేవాణ్ణి.

పోయిన ఆదివారం కొత్తగా ఒకావిడ వచ్చారు, రిటైరైన నర్సు. బైనాక్యులర్స్ మా దగ్గర అడిగి తీసుకున్నారు. ఓ పెద్ద చెట్టు కింద ఆగి, "మాస్టారూ, పైన ఏదో సన్నగా కూస్తోందండీ" అన్నారు. చెవి ఒగ్గి విన్నాను. ఏమీ లేదు. "అక్కడేం లేదమ్మా. ఈ వయసులో చెవుల్లో హోరు మామూలే" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి, నోటు పుస్తకం మూసేశారు.

పది అడుగులు వేసి, వెనక్కి తిరిగి నా బైనాక్యులర్స్ పెట్టి చూశాను. బొటనవేలంత పచ్చపిట్ట, సరిగ్గా ఆవిడ తలెత్తి చూసిన కొమ్మ మీదే. ముక్కు తెరిచి ఉంది, గొంతు వణుకుతోంది. నాకు మాత్రం చప్పుడే లేదు.

ఇంతసేపూ దాటేస్తూ వచ్చింది ఇదే అక్కయ్యా. సన్నటి కూతలు నాకు వినపడక ఏడాది దాటింది. పక్కవాళ్ళు తల తిప్పితే నేనూ తిప్పి, కనిపించినదానికి పేరు చెప్పి నెట్టుకొస్తున్నాను. ఆ రోజూ నోరు మూసుకుని నడిచాను. టీ దగ్గర ఆవిడ బైనాక్యులర్స్ తిరిగిచ్చేస్తూ, "నా చెవుల్ని నేనే నమ్మలేనప్పుడు ఎందుకండీ, ఇంక రాను" అన్నారు. అప్పుడైనా చెప్పొద్దూ? బైనాక్యులర్స్ అందుకుని సంచిలో పెట్టేశాను. వారం నుంచీ ఆ మాటే నన్ను తినేస్తోంది. సిగ్గుగా ఉంది.

నిన్న ఉండబట్టలేక ఆవిడ ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే చెప్పేశాను. "దోషం నా చెవులదండీ. మీవి బంగారంలా ఉన్నాయి. క్షమించండి." ఆవిడ కూర్చోమనలేదు. "అన్నది అందరి ముందూ. ఇది మాత్రం గుమ్మంలోనా?" అని తలుపు వేసేశారు.

రేపే ఆదివారం. చెప్పానంటే ఇక నన్ను ముందు నడవమనేవాళ్ళు ఉండరు. భయంగా ఉంది. ఆవిడ వస్తారో రారో తెలియదు. రాకపోయినా సరే, అందరి ముందూ చెప్పి తీరతాను. వస్తే మాత్రం ఆవిడ వెనకే నిలబడి, పైన ఏం కూస్తోందో చెప్పమని అడుగుతాను.

ఇట్లు,
నీ చేతి మొట్టికాయకు తల వంచిన
తమ్ముడు