రెండు బస్సుల ఓట్లు

చిరంజీవి పిచ్చుకమ్మకి మీ నాన్న మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. ఈ మాట రాస్తుంటే మీ అమ్మ నా భుజం మీదుగా చూసి, "ఎవరు కులాసా? నన్ను కలపకు" అంది. ఆ సంగతి కిందికి వచ్చాక రాస్తాను. నువ్వు ఆ హోటల్ గదిలో వేళకి తిని, వేళకి పడుకుని, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. ఫోను తీసేసుకుని, టీవీ తీగ పీకేసి, కిటికీ అద్దాలకి కాగితాలు అంటించి కూర్చోబెట్టారని రాశావు. టీవీ షో మొదలు కాకముందే ఈ జైలేమిటని మీ అమ్మ ఒకటే గోల. నాలుగో సీజన్లో ఇద్దరు పోటీదారులు హోటల్ లిఫ్టులో ఎదురుపడి, ఆ ఇంట్లో కాలు పెట్టకముందే జట్టు కట్టేశారని, అప్పటినుంచే ఈ కట్టడి అని చెప్పాను. "రూళ్ళు బాగానే తెలుసు నీకు" అంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. మోకాలు పరవాలేదు. ఎత్తు స్టూలు ఒకటి కొన్నాను గానీ, కూర్చుని కత్తెర పట్టుకుంటే చెయ్యి సాగడం లేదు. నిలబడి చేసిన ప్రాణం కదా. సెలూన్లో పగిలిన అద్దం మార్పించాను. కొత్త అద్దంలో అందరూ లావుగా కనపడుతున్నారని ఫిర్యాదు. అది అద్దం తప్పు కాదని నేనంటే ఒక్కడూ ఒప్పుకోడు. పక్క కొట్టు టైలరు బాబాయి నీ గురించి రోజూ అడుగుతున్నాడు. షో మొదలయ్యే రోజు మన బెంచీ మీద తనకి చోటు ఉంచమని ఇప్పుడే చెప్పిపెట్టాడు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. దానికి జవాబు రాయాలనే కూర్చున్నాను. పైదంతా నాన్చుడే.

ఈసారి అందరూ పాతవాళ్ళేననీ, మొదటి రోజే పాత లెక్కలు తేల్చే ట్విస్టు ఉందనీ రాశావు. పోయిన సీజన్లో తనకి అన్యాయం చేసిందెవరో ఒక్కొక్కరూ వేదిక మీద పేరు పెట్టి చెప్పాలి, ఆ పేరున్న మనిషి నేరుగా నామినేషన్లో పడి జనం ఓట్లకి నిలబడాలి, అంతేనా? పోయినసారి ఆ ఇంట్లో నీతోపాటు ఉన్న బేకరీ అక్క పేరు చెబుతానన్నావు. "వాళ్ళాయన మనుషుల్ని పంపించి మన వీధుల్లోనే ఓట్లు వేయించుకున్నాడు కదా నాన్నా. రోజంతా కొట్లో ఉంటావు, నీకు తెలియకుండా ఉండదు. అవునని ఒక్క ముక్క రాయి చాలు, అందరి ముందూ ఆమెని కడిగేస్తాను" అని అడిగావు.

ఆ వారం సంగతి నీకు లోపలినుంచి తెలుసు. బయటినుంచి నేను చెబుతాను.

నామినేషన్లో పడిన ప్రతిసారీ జనం ఓట్లతో గట్టెక్కడంలో, అన్ని సీజన్లూ కలిపి, ఆ మూడో సీజన్ లారీ డ్రైవరుదే రికార్డు. నువ్వు అతనితో సమానం అయ్యావు. ఇంకొక్క వారం నిలబడితే రికార్డు నీది. మన కొట్లో గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా గడ్డం సంగతి మరిచిపోయి దాని గురించే వాదించుకునేవాళ్ళు. ఆ వారం ఆఖరికి మిగిలింది మీరిద్దరే, నువ్వూ, బేకరీ అక్కా. ఒకే మంచం పంచుకున్నవాళ్ళు. తన వంతు రొట్టె నీ పళ్ళెంలో పెట్టిందని నువ్వే ఒకసారి కెమెరా వైపు తిరిగి చెప్పావు.

తీరా నువ్వు బయటికొచ్చావు. ఇన్ని సీజన్లలో అంత తక్కువ తేడాతో ఎవరూ వెళ్ళలేదని వ్యాఖ్యాత ప్రకటించాడు. దేశమంతా వేసిన ఓట్లలో తేడా రెండు బస్సుల్లో పట్టే జనం. ఆ మీదట అతను ఇంకో ట్విస్టు అంటూ తెర మీద ఊళ్ళవారీగా ఓట్లు చూపించాడు. ఎక్కడెక్కడో తెలియని ఊళ్ళలో నువ్వు ముందున్నావు. మన ఊళ్ళో వెనకబడ్డావు. నువ్వు తెర దగ్గరికి వెళ్ళి మన ఊరి పేరు రెండుసార్లు చదువుకున్నావు. ఆ పైన నవ్వావు. చేతులు జోడించి, "మా ఊరు నన్ను తొందరగా చూడాలనుకుంది కాబోలు" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు మెట్ల మీదనుంచి పడి, మీ అమ్మ కంగారు పడుతుందని నవ్వినప్పటి నవ్వు అది.

మర్నాడు కొట్లో అందరూ ఒకర్నొకరు తిట్టుకున్నారు. ఎవడ్రా మన పిల్లకి ద్రోహం చేసిందని టైలరు బాబాయి కేకలు వేశాడు. నేను తేలు కుట్టిన దొంగలా కత్తి నూరుకుంటూ ఉండిపోయాను.

అమ్మా, బేకరీ అక్క మనుషులెవరూ మన ఊరు రాలేదు. ఆ ఓట్లు నేను వేయించాను.

కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ మెడ చుట్టూ గుడ్డ కట్టి, కత్తి చేతిలో పట్టుకుని చెప్పాను. "నా కూతురని మొహమాటపడకండి. ఆ బేకరీ అమ్మాయి ఇద్దరు పిల్లల తల్లి, పాపం, ఆమెకి వెయ్యండి" అన్నాను. ఓటు వేసి ఫోను చూపించినవాడికి గడ్డం ఉచితం. వాళ్ళ ఆఫీసుల్లో, ఇళ్ళల్లో చెప్పి వేయించినవాడికి క్రాపు కూడా ఉచితం. పుణ్యానికి పోతున్నామనుకుని జనం బారులు తీరారు. "సొంత కూతుర్ని కాదని న్యాయం వైపు నిలబడ్డావు, ధర్మరాజువయ్యా నువ్వు" అని ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ చెయ్యి వెనక్కి లాక్కోలేదు చూడు, అంత సిగ్గుమాలినవాణ్ణి. టైలరు బాబాయికి మాత్రం చెప్పలేదు. అతను నీకే వేస్తాడని తెలుసు.

ఎందుకు చేశానంటావు. ఇది రాయడానికి ఇందాకటినుంచి కలం మూత పెడుతున్నాను, తీస్తున్నాను.

ఆ వారం మొదట్లో మీకో టాస్కు ఇచ్చారు గుర్తుందా, ఇంట్లోవాళ్ళ గురించి ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పమని. దాని ప్రోమో పొద్దుటినుంచీ టీవీలో తిప్పి తిప్పి వేశారు. కొట్టు నిండా జనం. నువ్వు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నవ్వు ఆపుకోలేక చెబుతున్నావు: "మా నాన్నది సెలూను. ఊరందరికీ జుట్టు పెరిగే నూనె అమ్ముతాడు. ఆయన జుట్టు మాత్రం రాత్రిపూట మేకుకి వేలాడుతుంది!" ఆ ఇంట్లోవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మన కొట్లోవాళ్ళు మొదట నవ్వలేదు. నా తల వైపు చూసి, అటు వరసగా పేర్చిన నూనె సీసాల వైపు చూసి, అప్పుడు నవ్వారు. మధ్యాహ్నానికి సగం వాడిన సీసాలు వెనక్కి రావడం మొదలైంది. కుర్రకారు వీధిలో పోతూ, "బాబాయ్, గాలి వీస్తోంది, జాగ్రత్త!" అని అరిచారు.

తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదమ్మా. ఆ కాస్త నవ్వుకి నేను పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశాను. ఇంటికి వస్తే నోరు మూసుకుంటుంది, ముందు ఇంటికి రానీ అనుకున్నాను. అంతే. ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

ఆ రాత్రి అసలు కార్యక్రమం వచ్చేటప్పుడు నేను లేచి వెళ్ళిపోయాను. "పూర్తిగా చూడు" అని మీ అమ్మ వెనకనుంచి పిలిచింది. చూసిందే చాలన్నాను. మర్నాడు టైలరు బాబాయి గడ్డానికి కూర్చుని, "రాత్రి మీ అమ్మాయి..." అని మొదలుపెట్టాడు. మూతి మీదికంటా సబ్బు నురగ పూసేశాను. నువ్వు బయటికొచ్చి ఇంటికి వచ్చిన రోజు కూడా, నా తల వైపు చూసి ఏదో చెప్పబోతే, కుళాయి పెద్దగా తిప్పి మొహం కడుక్కుంటూ నిలబడ్డాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ అమ్మ పైకి చదివింది. బేకరీ అక్క మాట వచ్చేసరికి, "ఎంత మనిషి! నా పిల్ల పక్కలో పడుకుని ఇంత పని చేసిందా" అని ఆమెని శపించబోయింది. ఆ శాపం నాకు వినబుద్ధి కాలేదు. చెప్పేశాను. మీ అమ్మ నీ ఉత్తరం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. ఆఖరికి, "ఊరందరికీ ఉత్తపుణ్యాన గడ్డాలు గీసి, కూతురి గొంతు కోశావు" అంది. తరవాత తన ఫోన్లో ఆ పాత కార్యక్రమం వెతికి పెట్టి, నా ముందు నిలబెట్టి, తను అవతలికి వెళ్ళిపోయింది.

ప్రోమోలో నవ్వు దగ్గర కోసేశారు. నువ్వు అక్కడ ఆగలేదు. నవ్వు అయ్యాక కళ్ళు తుడుచుకుని చెప్పావు. బడి దగ్గర పిల్లలు నా బట్టతల చూసి వెక్కిరిస్తే, ఇక బడికి రావద్దని నాతో అన్నావట. మర్నాడు నేను విగ్గు పెట్టుకుని గేటు దగ్గర నిలబడి, "ఇప్పుడు రావచ్చా?" అని అడిగానట. "ఆయన దాన్ని ఇప్పటికీ తీయలేదు. అది ఆయన సిగ్గు కాదు, నాది. ఈ ఇంట్లోంచి వెళ్ళగానే మొదట ఆయన దగ్గరికి వెళ్ళి, తీసెయ్ నాన్నా, నువ్వెలా ఉన్నా రావచ్చు అని చెప్పాలి" అన్నావు. బేకరీ అక్క నిన్ను దగ్గరికి తీసుకుంది.

నాకు ఆ గేటు సంగతే గుర్తు లేదు. నీకు గుర్తుంది. అది దేశమంతా చూసింది, నేనొక్కణ్ణీ చూడలేదు. విగ్గు మొదట నీ కోసమే పెట్టుకున్నానేమో గానీ, దాన్ని చూపించి నూనె అమ్మింది మాత్రం నా తెలివే, అందులో నీకు పాలు లేదు. ఇంకా తీయలేదు. ఒకరోజు తీసి గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

ఇంకొకటి ఉంది. ఇది మీ అమ్మకి కూడా తెలియదు. ఉత్తరం తను చదివాకే పోస్టులో వేస్తానని కూర్చుంది కాబట్టి, ఇద్దరికీ ఒకేసారి చెబుతున్నాను. ఫోన్లో ఓటు వెయ్యడం మీ అమ్మకి చేతకాదు. రోజూ నా చేతికిచ్చి, "మన పిల్లకి వెయ్యి" అనేది. ఆ వారం కూడా ఇచ్చింది. నేను నొక్కింది బేకరీ అక్క పేరు. "పడిందా?" అని అడిగింది. పడిందన్నాను. మీ అమ్మ ఆ ఫోనుని చీరకొంగుతో తుడిచి దాచుకుంది. ఊళ్ళోవాళ్ళని మోసం చేశానని ఒప్పుకోగలను, నీ మీద కోపం తీర్చుకున్నానని కూడా ఒప్పుకోగలను. ఇది మాత్రం నా నోటితో చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను తల్లీ.

మీ ఉత్తరాలు ముందుగా చదివి బయటి కబుర్లు కొట్టేసే అమ్మాయి ఒకతె ఉంటుందని రాశావు. అమ్మా, నువ్వెవరో నాకు తెలియదు. ఇందులో ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో నేను రాయలేదు. ఇదంతా ఇంటి సంగతే. దయచేసి ఏదీ కొట్టెయ్యకు.

పిచ్చుకమ్మా, ఆ బేకరీ అక్క నీకు ఏ అన్యాయమూ చెయ్యలేదు. ఆమె ఫోను చేసినప్పుడల్లా నువ్వు కట్ చేస్తుంటే చూస్తూ ఊరుకున్నవాణ్ణి నేనే. వేదిక మీద పేరు అడిగినప్పుడు నా పేరు చెప్పు. పోటీలో లేనివాళ్ళ పేరు చెప్పకూడదని ఏ సీజన్లోనూ రూలు లేదు, నాకు బాగా తెలుసు. ఏం చేశానో కూడా చెప్పు, నవ్వుతూ చెప్పినా సరే. ఆ రోజు మన కొట్టు నిండా జనం ఉంటారు, టైలరు బాబాయి ముందు బెంచీ మీద ఉంటాడు. నేను వాళ్ళ మధ్యలోనే కూర్చుంటాను. ఈసారి చివరిదాకా వింటాను.

ఇట్లు,
నీకు వెయ్యమని ఇచ్చిన ఓటు కూడా వెయ్యని
మీ నాన్న