వెబర్ గారింటి ఎర్ర మేపుల్

కార్ల్స్‌రూహె,
ఆదివారం

ప్రియమైన అన్నయ్యకి,

చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నది. నువ్వూ, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఎండలు ముదిరాయి కదా, నర్సరీలో చిరిగిన షేడ్ నెట్ మార్పించావా? ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. ఆరోగ్యాలకి ఏ లోటూ లేదు, బెంగపెట్టుకోకు. వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటావు. ఫోన్లో అయితే మీ బావగారు పక్కనే ఉంటారు. ఇది ఆయన వింటుండగా చెప్పలేను.

ఫిబ్రవరిలో ఇల్లు మారాం కదా. ఇది మూడో అంతస్తు. బాల్కనీ ఉత్తరం వైపు, కరివేపాకు మొక్క కూడా ముఖం వేలాడేసింది. పాపకి స్కూలు దగ్గరైంది, ఆయనకి ఆఫీసు దగ్గరైంది. నాకే ఏదీ దగ్గర కాలేదు.

నువ్వు మేపుల్ విత్తనాలు పంపమన్నావు. నా ఫొటోలు చూసి కడియంలో మన నర్సరీకి వచ్చినవాళ్లు అడుగుతున్నారన్నావు. పంపలేను అన్నయ్యా. మన ఎండకి ఆ ఆకు అంచుల నుంచి మాడిపోతుంది, గడ్డకట్టే చలి లేకపోతే ఆ గింజ మొలవనే మొలవదు. ఇంకో కారణం ఉంది. ఆ ఫొటోలోని చెట్టు ఇప్పుడు లేదు.

ఆ చెట్టు సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. పాత ఇంట్లో పైన ఉండే యజమాని వెబర్ గారు. ఆయన భార్య పెరట్లో ఎర్రాకు జపాన్ మేపుల్ నాటి, పెంచి, పోయింది. మేం దిగేనాటికి ఆ చెట్టు వేరు కుళ్లి, కొమ్మ కొమ్మే ఎండిపోతోంది. ఒకరోజు ఆయన రంపం పట్టుకుని దాని ముందు నిలబడి ఉన్నారు. నాకప్పటికి వచ్చిన నాలుగు జర్మన్ ముక్కలతో ఆగమన్నాను. రెండు రెమ్మల్లో ఇంకా ప్రాణం ఉంది. పార్కులో ఏరిన జపాన్ మేపుల్ గింజల్ని నేను తడి ఇసుకలో కలిపి, మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచి మొలిపించాను. మరుసటి ఏడాది వాటి మీద ఆ రెమ్మలు అంటుకట్టాను, వంటింటి బల్ల మీదే, నాన్న మామిడికి కట్టినట్టే. ఒకటి పోయింది. ఒకటి పట్టింది.

పెద్దదయ్యాక పెరట్లో నీరు నిలవని చోట నాటాం. ఆయన రోజూ పొద్దున్నే మెట్లు దిగి వచ్చి, "మన పిల్ల ఎలా ఉంది?" అని అడిగేవారు. నా భుజం దాకా పెరిగింది. ఈ దేశంలో నన్ను పని తెలిసిన మనిషిగా చూసింది ఆయనొక్కరే.

కిందటి శరదృతువులో ఆయన పోయారు. కొడుకు వేరే ఊరి నుంచి వచ్చి, ఇల్లు తమకే కావాలని నోటీసిచ్చాడు. సరే, ఇల్లు వాళ్లది. మేపుల్ ఒక్కటీ తవ్వి తీసుకెళ్తానని అడిగాను.

"అది మా అమ్మ చెట్టు. ఇక్కడే ఉంటుంది," అన్నాడు.

"మీ అమ్మగారి చెట్టు చచ్చిపోయిందండీ. ఇది నేను కట్టిన అంటు."

అతను నాతో మాట్లాడటం మానేసి మీ బావగారి వైపు తిరిగి, "మీ భార్యకి తోటపని బాగా ఇష్టంలా ఉందే," అన్నాడు. ఈయన నవ్వారు.

ఇల్లు అప్పగించే రోజు కాగితం చదువుతుంటే తెలిసింది. తోటలోని చెట్లన్నీ ఇంటికే చెందుతాయని ఒక వాక్యం. కింద అప్పటికే ఈయన సంతకం. "చెట్టు గురించి వెబర్ గారబ్బాయితో తగాదా ఎందుకే? కొత్తింటి యజమానికి మన గురించి మంచిగా రాసివ్వాల్సింది ఆయనే కదా," అన్నారు తెలుగులో, నెమ్మదిగా, నవ్వు ముఖంతోనే.

అప్పుడు వెబర్ గారి కోడలు నా దగ్గరికి వచ్చింది. మంచి పిల్లే. "ఈ చెట్టుకి జాగ్రత్తలేమైనా ఉంటే చెప్తారా?" అంది.

ఏప్రిల్‌లో లేతాకు వచ్చాక ఒక్కోసారి మంచు కురుస్తుంది, ఆ రోజుల్లో పాత దుప్పటి కప్పాలి. ఆకు నల్లబడినా భయపడకూడదు, మూడు నాలుగు వారాలు ఆగితే మళ్లీ చిగురిస్తుంది. చెప్పాల్సింది ఇంతే.

"నాకు జర్మన్ రాదండీ, అర్థం కాలేదు," అన్నాను, జర్మన్‌లోనే.

ఏప్రిల్ చివర రెండు రోజులు మంచు పడింది. పడుతుందని ఫోన్లో ముందే చూశాను. మాడిపోనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను అన్నయ్యా.

కిందటి శనివారం ఉండబట్టలేక ట్రామెక్కి వెళ్లాను. చెట్టు ఉన్నచోట కొత్తగా పరిచిన పచ్చిక. కోడలు కిటికీలోంచి చూసి గేటు దాకా వచ్చింది.

"ఒక్కసారిగా ఆకులన్నీ నల్లబడి వేలాడిపోయాయండీ. చచ్చిపోయిందనుకుని తీసేశాం. వాళ్లమ్మ చెట్టని మా ఆయన ఎంత ఏడ్చాడో."

"వేర్లు ఎలా ఉన్నాయి?" అని అడిగాను.

"తెల్లగా, గట్టిగా ఉన్నాయి. తవ్వడానికి చాలా కష్టపడ్డాం. ముక్కలు చేసి చెత్తలో వేశాం," అంది. లోపలికి వచ్చి కాఫీ తాగమంది. ట్రాముకి వేళయిందని వచ్చేశాను.

తెల్లటి వేరంటే ప్రాణమున్న వేరని నీకు చెప్పక్కర్లేదు. అందుకే నీకు రాశాను. ఈయనకి చెప్తే, "పోనీలే, బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకో," అంటారు. నువ్వు మాత్రం ఓదార్పు మాటలు రాయకు, తప్పు నాదో కాదో అదొక్కటే రాయి.

వదినకి, పెద్దమ్మకి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. మీ దీవెనలు మా మీద ఉండాలి.

ఇట్లు,
నీ చెల్లెలు
పద్మ