ఉబ్బని పలకలు

బుంగమూతికి మీ ఆయన రాయునది,

నేను కులాసా. పొట్లంలో రెండు పీచుపలక ముక్కలు పంపాను. గీత లేనిది ఉత్త చెక్కపీచు అదిమి చేసింది. ఎర్రగీత ఉన్నదాని పీచుకి ముందు పుల్లటి మందు పట్టించాం. ఆ మందుతో పీచుకి దాహం తగ్గుతుంది, పలక ఉబ్బదు. మా పెద్దసారుకి ల్యాబు నీళ్ళు చాలవట, ఇంటి చెమ్మ కావాలట. చెమ్మకి మన వంటిల్లే కదా పెట్టింది పేరు! రెండూ వంటింటి తొట్టిలో ఒక రోజు నానబెట్టి, బరువు వేసి చూసి రాయి.

ఉంటాను,
మీ ఆయన

తా.క. మందు పలక ఉబ్బకపోతే సెలవిస్తానన్నాడు.

---

ఏవండీ, నమస్కారం.

నానబెట్టాను. ఉబ్బలేదు. బరువు వేశాను. విరగలేదు. ఎప్పుడొస్తున్నారు? మీ కుర్చీ ఖాళీగా ఉంటే చూడలేక దాని మీద బట్టలు ఆరేస్తున్నాను.

మీ బుంగమూతి

తా.క. రెండూ ఉబ్బలేదు. కాబట్టి రెండు సెలవులు ఇవ్వాలి.

---

బుంగమూతీ,

రెండూనా? ఉత్త పీచు పలక ఇక్కడ నా బక్కెట్లో పడేస్తే పొంగి పీచుపీచయింది! నీ ఉత్తరం చూసి పెద్దసారు, "మరి ఇన్నాళ్ళూ ఈ మందులెందుకు పోశావయ్యా?" అన్నాడు. నా ఉద్యోగానికి ఎసరు పెట్టకే తల్లీ! ఇంకో పొట్లం పంపుతున్నాను. ఈసారి సోడా పట్టించిన పీచుతో చేసిన పలక. సోడా సరిపడా పడితే జిడ్డు వదిలి జిగురు బాగా అంటుతుంది. శ్రుతి మించితే పీచే నీరసించి, పలక పుటుక్కున విరుగుతుంది. చూసి నిజం రాయి, దణ్ణం పెడతాను.

మీ ఆయన

---

ఏవండీ, నమస్కారం.

నిజమే రాస్తున్నాను. ఉబ్బలేదు. బరువు చాల్లేదని నేనే ఎక్కి నిలబడ్డాను, చెక్కు చెదరలేదు. సెలవు సంగతేమైంది? సాయంత్రం గేటు చప్పుడైతే చాలు, పరుగెత్తుకెళ్తున్నాను. రోజూ పక్కింటి పిల్లే. మీరు లేని ఇంట్లో నాకు ఏమీ తోచడం లేదండీ.

మీ బుంగమూతి

తా.క. ఆ దాహం తగ్గించే మందు మనుషులకి పనిచేస్తుందేమో కనుక్కోండి.

---

నా బుంగమూతికి,

నీ ఉత్తరం పెద్దసారుకి చూపించాను. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ్ని నమ్ముకుంటే ఫ్యాక్టరీ మూతపడుతుంది. నువ్వే పోయి నీ చేత్తో నానబెట్టు, తొందరేం లేదు" అని సెలవు చీటీ మీద సంతకం పెట్టాడు. రేపే బయల్దేరుతున్నాను. నువ్వు లేక నాకూ ఇక్కడ ముద్ద దిగడం లేదు. కుర్చీ మీద బట్టలు తీసెయ్.

వచ్చేస్తున్న
మీ ఆయన

తా.క. ఆ రెండో పొట్లం ఇప్పటికైనా విప్పు. అందులో పలక లేదు, నీకిష్టమైన బిస్కెట్లున్నాయి. నువ్వు ఎక్కి నిలబడింది వాటి మీదే.